చిన్నాయన కంటె ముందు

జూలై 3, 1939. ఎల్లారెడ్డి

మొన్న మొదలైన ముసురు ఇంకా విడవలేదు. బడి కప్పు రెండుచోట్ల కారుతోంది. మూడో తరగతిని నా గదిలోకి తెచ్చుకొని రెండు తరగతులకూ లెక్కలు చెప్పాను. వచ్చింది సగం మందే. మిగతావాళ్ళు నాట్లకు పోయారు.

తలుపు నీళ్ళకు ఉబ్బి గడియ పడలేదు. నేనూ పెద్దపంతులూ తోసి తోసి విడిచిపెట్టాం. నా తరగతి నర్సింలు వచ్చి కాసేపు చూశాడు. కింది బందు సందులో ఒక చెక్కపేడు దూర్చి, తలుపును కొంచెం ఎత్తి తోశాడు. పడింది. ఎవరూ చెప్పలేదు వాడికి. పోయి తన జాగాలో కూర్చున్నాడు.

ఎల్లుండి కామారెడ్డికి రమ్మని కబురు. ప్రతి బడి నుంచి ఒక పంతులు పోవాలట. కొత్త రకం పరీక్ష నేర్పుతారట. పెద్దపంతులు, "నువ్వే పో. నాకు మోకాళ్ళు."

జూలై 5. కామారెడ్డి

ఇన్‌స్పెక్టరు సాబు పొద్దటి రైలుకు పట్నం నుంచి దిగాడు. వెంట చెక్కపెట్టెలు, బడికి ఒకటి చొప్పున.

పెట్టెలో — రంధ్రాలు కోసిన పలక, ఆ రంధ్రాల్లో పట్టే చెక్కముక్కలు. సగం గీసిన బొమ్మలు, లేనిదేదో పిల్లలు చూపాలి. ఒకదాని పండ్లు ఒకదానిలో పట్టే పండ్ల చక్రాల బొమ్మలు, ఇది ఇటు తిరిగితే అది ఎటు తిరుగుతుందో గీత గీయాలి. అక్షరం ఒక్కటీ లేదు.

సాబు చెప్పింది: ఇది చదివినదాన్ని అడగదు. ఇక ముందు చదవబోయేదానికి పిల్లవాడు తగునా అని అడుగుతుంది. ఎవరి కొడుకో అడగదు. చదువులో వెనకబడినవాడు చేతిలో ముందుండవచ్చు. వాణ్ణి ఎవరూ గుర్తించక పోగొట్టుకుంటున్నాం. దానికాయన వాడే మాట సలాహియత్. తెలుగులో ఏమనాలో తోచలేదు. పిల్లల తండ్రులకు చెప్పాలంటే — ఏ పనికి చెయ్యి పోతుందో చూడటం, అనాలేమో.

పిట్లం పంతులు అడిగాడు, అంకె తక్కువ వచ్చినవాళ్ళ సంగతేమని. "వాళ్ళకు తగిన వేరే పని చూడాలి." "ఎవరు చూస్తారు సాబ్?" మళ్ళీ ఆయనే. సాబు తర్వాతి పెట్టె తెరిచాడు.

ఎల్లారెడ్డికి ఒక్క జాగా. పట్నంలో యంత్రాల బడి. తిండీ బసా సర్కారువే. ఎక్కువ అంకె వచ్చినవాడు పోతాడు. మారు మాట లేదు.

పరీక్షప్పుడు సాయం చేయరాదు. తల ఊపరాదు. మొహం కూడా మార్చరాదు.

మమ్మల్నీ ఆ పలక ముందు కూర్చోబెట్టారు. నేను చివరివాణ్ణి. పిట్లం పంతులు నవ్వి, "సారూ, నువ్వు పోరనివై ఉంటే నిన్ను బర్ల కాడికి తోలుతుండిరి."

జూలై 6

బస్సులో పెట్టె ఒళ్ళోనే. కండక్టరు, "ఏంది సారు, పెండ్లి మిఠాయా?" పలకలన్నాను.

దారంతా నర్సింలే తలపులో. ఆ జాగా వాడిది. పరీక్ష పెట్టకముందే ఇట్లా అనుకోవడం తప్పని తెలుసు. అయినా అనుకుంటున్నాను.

జూలై 8

పిల్లలకు చెప్పాను. యంత్రాల బడి అనగానే గోల.

నర్సింలు తండ్రి లింగయ్య పోయిన నెలే అన్నాడు నాతో, "ఈ ఏడుతోని బడి బందు సారు. నాగలికి మనిషి కావాలె." పదమూడేళ్ళవాడు. ఈ జాగా రాకపోతే వాడి చదువు ఈ వానలతోనే సరి.

వాడి పక్కనే ఎప్పుడూ బాలయ్య. పదేళ్ళు. లింగయ్యకు సవతి తమ్ముడు, వాళ్ళ నాయన గంగారాం రెండో భార్యకు ఒక్కడే. అంటే నర్సింలుకు చిన్నాయన. తరగతికంతా అది వేడుక. "నర్సింలూ, మీ చిన్నాయన ముక్కు తుడువురా!" వాడు కోపం తెచ్చుకోడు. తుడుస్తాడు. వాగు పారితే వీపున ఎక్కించుకొని తెస్తాడు. ఇంట్లో చిన్నాయన కంచం ముందు కూర్చున్నాకే వీడు కూర్చోవాలి.

బాలయ్య కూడా చురుకే. అది రాయకపోతే న్యాయం కాదు. ఒకసారి విన్న లెక్క మరువడు. మాటకు ముందుంటాడు.

పెద్దపంతులు పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. "మిషిన్లంటె కట్టెపని చేసే వడ్లోల్ల పోరలకు వస్తయి. కాపోల్లకెందుకయ్య?" పెట్టె ఎవరి కొడుకని అడగదట అన్నాను. "పెట్టె అడుగకుంటె ఊరు అడుగదా?" అని లేచిపోయాడు.

జూలై 10

పరీక్ష. ముందు పలక. జతజతగా కూర్చోబెట్టాను, మధ్యన చేయిచాపు దూరం వదలమన్నారు, వదిలాను.

నర్సింలు తొలి ముక్కలు చకచక పెట్టాడు. తర్వాత ఆగాడు. ముక్క చేతిలోనే ఉంది, రంధ్రం మీదికి తెచ్చాడు, పెట్టలేదు. వాన వైపు చూస్తున్నాడు. అలసిపోయాడేమో అనుకున్నాను. పక్కన బాలయ్య చివరి ముక్క పెట్టాడు. వెంటనే వీడూ పెట్టాడు.

రెండోసారీ అంతే.

మూడోసారికి అర్థమైంది నాకు. నోరు తెరవరాదు. మొహం మార్చరాదు. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను.

జూలై 11

బొమ్మల కాగితాలు. నర్సింలు పెన్సిలు కింద పెట్టి కూర్చున్నాడు, బాలయ్య తల ఎత్తేదాకా. వాడు ఎత్తాక మిగిలింది పూర్తిచేయబోయాడు. అప్పటికి గడువు అయిపోయింది. చక్రాల బొమ్మల్లో కడపటిది అట్లాగే ఉండిపోయింది.

అందరూ పోయాక ఆపాను.

"ఎందుకాగినవ్ రా?"

"ఆగలే సారు."

"నేను చూసిన."

నేల చూపులు. "చిన్నాయనది కాలే గద సారు."

"ఇది పరీక్ష."

"పరీక్షయితె మాత్రం... చిన్నాయన చిన్నాయననే గద."

తప్పు చేసినట్టు లేదు వాడి మొహం. నేనే అడగరానిది అడిగినట్టుంది.

జూలై 12

అంకెలు కూడి చూశాను. అందరికంటె మీద బాలయ్య. వాడి కింద నర్సింలు. మిగతావాళ్ళు దూరం.

మళ్ళీ కూడి చూశాను. అంతే వచ్చింది.

కూర్చోబుద్ధి కావడం లేదు. ఉతికిన అంగీని మళ్ళీ ఉతికాను.

జూలై 13

కామారెడ్డికి పోయివచ్చాను. సాబు ఇంకా అక్కడే ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విన్నాడు, నవ్వలేదు. మంచివాడే.

"పెట్టె ముందు చేసిందే లెక్క. మిగిలింది మీ అనుకోవడం. ప్రతి పంతులూ తనకు నచ్చిన పిల్లవాడి కోసం వస్తాడు."

మళ్ళీ పెట్టనివ్వండి అన్నాను. అదే పెట్టె రెండోసారి పెడితే తేలేది జ్ఞాపకమేనట, సలాహియత్ కాదట. తన దగ్గర వేరే ముక్కల పెట్టె ఉంది. ఇరవైనాలుగున తానే తెస్తానన్నాడు. ఆ ఇద్దరికే.

వచ్చేటప్పుడు బస్సు రాజంపేట తోవ దగ్గర ఆగింది. దిగి మా ఊరి ఇంటికి పోదామనుకున్నాను. దిగలేదు. అన్న పొలంలో ఉంటాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నా చేత అరక పట్టించి, సాలు వంకర పోయిందని చూసి, "వీనికి రాదు, బడికి తోలు బాపూ," అన్నది అన్నే. అదీ ఒక పరీక్షే. ఒక్క సాలు. ఆ పొద్దు ఎద్దులు ఎట్లున్నాయో, నేల ఎట్లుందో ఎవరికీ గుర్తులేదు.

జూలై 14. శుక్రవారం, సెలవు

గంగారాం ఇంటికి పోయాను. అరుగు మీద తాళ్ళు పేనుతున్నాడు. పిల్లలిద్దరూ అక్కడే, పీచు అందిస్తూ.

"రా పంతులూ, కూసో. మా బాలిగాడు గెలిచిండట గద? నా ముసలితనంల పుట్టిండు, ఎట్లున్నడు సూడు!"

గెలవడం కాదని చెప్పాను. నర్సింలు బాలయ్య కోసం ఆగుతున్నాడని, ఆగకపోతే అంకె వేరేగా ఉండేదని చెప్పాను.

ముసలాయన మొహం విప్పారింది. "ఆగాలె గద! చిన్నాయన చెయ్యకుంట వీడెట్ల చేస్తడు? ఓ సాయవ్వా, విన్నవా? పంతులు నీ పెంపకాన్ని మెచ్చుకొనొచ్చిండు."

తలుపు వెనక నర్సింలు తల్లి సాయవ్వ. బియ్యం చెరిగే చప్పుడు ఆగింది. "మంచిగ చేసిండా సారు మావోడు?"

"చేసిండమ్మ."

"మరి జాగ మావోనికేనా?"

ఏం చెప్పను? ఇంకో పరీక్ష ఉందన్నాను.

బాలయ్య తల్లి రాజవ్వ బయటికే వచ్చింది. "మీకు దండం పెడ్త సారు, మావోన్ని రాయకుండ్రి. పదేండ్లోడు. ఇప్పటికీ నా కొంగు పట్టుకొనే పంటడు. నర్సింలుని తోలుండ్రి. పెద్దోడు, బతుకుతడు."

గంగారాం తాడు కింద పెట్టాడు. "ఆడోల్లు ఊకోండ్రి. సర్కారు బాలయ్య అన్నది. చిన్నాయన ఇంట్ల ఉండంగ కొడుకు పట్నం పోతడా? ఊరేమంటది?"

నర్సింలు పీచు విడదీస్తూనే ఉన్నాడు. బాలయ్య మాత్రం నన్నూ, నర్సింలునూ మార్చి మార్చి చూశాడు. ఆ ఆగడం సంగతి వాడికి ఇంతకుముందు తెలియదు.

జూలై 17

బాలయ్య ఒక్కడే వచ్చాడు. "సారు, ఈసారి నేను తప్పులు పెడ్త."

పెట్టవద్దన్నాను. గట్టిగానే అన్నాను. నీకు వచ్చినట్టు చెయ్యి.

"నాకు పోబుద్ధి అయితలేదు సారు."

"నర్సింలుకు?"

"వాడు చెప్పడు. నిద్రల చక్రాలు చక్రాలంటడు."

జూలై 20

వాన. లెక్కలు. ఏమీ లేదు.

జూలై 22

ఒక ఉపాయం తోచింది. నర్సింలు నా మాట వినడు, తాత మాట దాటడు. కాని చిన్నాయన ఆజ్ఞాపిస్తే? ముందు చెయ్యమని బాలయ్యే చెబితే వాడు చేస్తాడు. ఆ మాట నేను బాలయ్యకు చెబితే చాలు.

చెబితే అది సాయం. పరీక్ష ఇక పరీక్ష కాదు. చెప్పకపోతే పెట్టె కొలిచేది వాడి చేతిని కాదు, వాళ్ళ ఇంటి వరసను.

రెండుసార్లు చెప్పులు తొడిగాను. రెండుసార్లు విడిచాను. పోలేదు.

జూలై 24

సాబు వచ్చాడు. నేను అడిగినట్టే ఇద్దరినీ వీపు వీపుకు పెట్టి దూరంగా కూర్చోబెట్టాడు. ఇక చూసుకునే వీలు లేదు. నా ఊపిరి తేలికైంది. గడియారం తీశాడు. కానిమ్మన్నాడు.

బాలయ్య ముక్కలు టకటక పడుతున్నాయి. నర్సింలు రెండు పెట్టాడు. ఆగాడు. తల కొంచెం పక్కకు వంచాడు. వెనక ముక్కలు పడే చప్పుడు వింటున్నాడు.

నేను గోడ వైపు తిరిగాను.

అప్పుడు బాలయ్య గొంతు, గదంతా వినబడేటట్టు, "నర్సింలూ! నాకోసం ఆగకురా. నేను నీ చిన్నాయనను గద, చెప్తున్న. పెట్టెయ్యి!"

నర్సింలు చేతులు లేచాయి. నేను ఇటు తిరిగేసరికి పలక నిండుతోంది. వెతకడం లేదు, ముక్కను తిప్పి చూడటం లేదు. ఆ చేతిని చూస్తుంటే రంధ్రమే ముక్కను లాక్కుంటున్నట్టుంది. చివరిది పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బాలయ్యకు ఇంకా మిగిలే ఉన్నాయి.

సాబు గడియారం మూశాడు. నా వైపు చూశాడు. "మాట్లాడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సాబ్."

బాలయ్య, "నేనే అన్న. మావోడు గద, నా మాట ఇంటడు."

సాబు ముక్కలు తీసి ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు. మాట పడ్డాక చేసింది లెక్కకు రాదన్నాడు. మొదటి అంకెలే నిలుస్తాయి.

"చూశారు కదా సాబ్," అన్నాను. "చూశారు కదా మీరు."

"చూశాను." టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను చూసింది కాగితంలో ఏ గడిలో రాయను?"

బస్సు దాకా సాగనంపాను. ఎక్కేముందు ఒక్క మాట, "పెద్దవాడి పేరేమన్నారు?" చెప్పాను. తల ఊపాడు. ఎందుకడిగాడో తెలియదు.

జూలై 25

పెద్దపంతులు, "ఎందుకయ్య నీకు, ఎవరు పోతె ఏంది? పోయేది మన బడి పిల్లగాడే గద." ఆ మాటా నిజమే. బాలయ్యకు అన్యాయం చేయాలని కాదు నేను తిరిగింది. మరి ఎవరికి న్యాయం చేయాలని?

ఒక పెట్టె తెచ్చి పెడితే అందులో మనిషి ఎంత పడతాడు? కొంత పడతాడు. బాలయ్య పడ్డాడు. వాడి అంకె అబద్ధం కాదు. నర్సింలు అంకె కూడా అబద్ధం కాదేమో — వాడు చేసింది అంతే. చేయగలిగింది వేరే. అది ఒక్కసారి బయటపడింది, పరీక్ష ఆగిపోయాక.

ఆగస్టు 1

నర్సింలు బడికి రావడం లేదు. బాలయ్య ఒక్కడే వస్తున్నాడు. వాగు తగ్గింది.

ఆగస్టు 6

ఉత్తరువు వచ్చింది. బాలయ్య. పద్నాలుగున బయలుదేరాలి.

తరగతిలో చదివి వినిపించాను. ఎవరూ అరవలేదు. బాలయ్య ఏడవలేదు. "ఒక్కన్నేనా సారు?" అని మాత్రం అడిగాడు. ఒక్కడివే అన్నాను.

సందేళకు రాజవ్వ బడి గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయింది.

ఆగస్టు 9

పొలాల వైపు నడిచాను. లింగయ్య మడిలో నర్సింలు నాగలి వెనక. మోకాలి లోతు బురద. సాలు వంకర లేదు. దానికీ వాడి చెయ్యి పోతుంది. అన్న చూసి ఉంటే వీణ్ణి బడికి తోలమనేవాడు కాదు.

నన్ను చూసి ఎద్దులను ఆపాడు.

"సారు, ఆ పండ్ల చక్రాల బొమ్మ... కడపటిది."

"ఊ."

"నడిమి చక్రం తీసేసి పక్క రెండింటిని కలిపితె, కడపటిది ఉల్టా తిరుగుతది గద?"

"తిరుగుతది."

"అనుకున్న." ఎద్దులను అదిలించాడు. తండ్రి గట్టు మీద నుంచి, "ముచ్చట్లు ఆడ్నే పెట్టకుండ్రి సారు, నీళ్ళు పోతున్నయి!"

ఇంటికి వచ్చి చాలాసేపు కాళ్ళు కడుగుతూ ఉన్నాను.

ఆగస్టు 12

గంగారాం బడికి వచ్చాడు. కొత్త తలపాగా. బాలయ్యను తానే దింపి వస్తాడట. రైలెక్కడం ఇదే మొదలు. ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి — అంతా చెప్పాను. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు.

పోతూ పోతూ, "నర్సింలు కూడ వస్తడు. సామాను మొయ్యాలె గద. చిన్నాయన ట్రంకు చిన్నాయన మోసుకుంటడా?"

లింగయ్య ఒప్పుకున్నాడా అని అడిగాను.

"నేను చెప్పినంక వాడేంది ఒప్పుకునేది? మూడొద్దులల్ల వస్తమని చెప్పిన."

ఆగస్టు 14

పొద్దున తెరిపి. బస్సు దగ్గరికి పోయాను. రాజవ్వ బాలయ్యను విడవదు. కొంగు వాడే విడిపించుకున్నాడు. సాయవ్వ దూరంగా నిలబడి ఉంది. ఆమె కొడుకు మూడు రోజుల్లో వచ్చేవాడే కదా, ఏడవడానికి లేదు.

ట్రంకు పైకి ఎక్కించింది నర్సింలు. తాడు కట్టింది వాడే. కండక్టరు కట్టిన ముడిని విప్పి మళ్ళీ కట్టాడు. కండక్టరు, "ఏందిరా, నాకే నేర్పుతున్నవా?"

బాలయ్య కిటికీ పక్కన కూర్చున్నాక వీడు ఎక్కాడు.

ఆగస్టు 17

సాయంత్రం బస్సు. గంగారాం దిగాడు. వెనక ఎవరూ దిగలేదు.

లింగయ్య అక్కడే కాచుకొని ఉన్నాడు. "పోరడేడి బాపూ?"

ముసలాయన తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. "బాలిగాడు ఏడ్చుడు ఏడ్చుడు కాదు. నా కాళ్ళిడువడు. జెర అలవాటు పడేదాక ఉండుమన్న నర్సింలుని."

"ఏడ ఉంటడు? ఏం తింటడు?"

"ఏమో. బడి వాకిట్ల జవాను మంచోడే. ఓ సాబు వచ్చి, నర్సింలు పేరడిగి లోపలికి పోయిండు. మల్ల బయటికి రాలే. నా రైలు వేళయింది, వచ్చిన."

"ఏ సాబు?" నేను అడిగాను.

"నాకేమెరుక పంతులూ. సాబులందరు ఒక్కతీర్గనే ఉంటరు."

లింగయ్య పొలం వైపు పోయాడు.

ఆగస్టు 19

రాలేదు.

ఆగస్టు 21

సాయవ్వ బస్సు వేళకు వస్తోంది రోజూ. దిగేవాళ్ళందరినీ చూసి తిరిగిపోతుంది. పొలంలో లింగయ్య ఒక్కడే.

కామారెడ్డికి పోయి సాబును అడుగుదామనుకున్నాను. అడిగితే ఎవరైనా వాణ్ణి వెనక్కి పంపుతారేమో. పోలేదు.

పెద్దపంతులు అడిగాడు, బడిలో ఎంతమంది తగ్గారని. చెప్పాను: బాలయ్య, నర్సింలు. ఇద్దరూ పద్నాలుగున, పొద్దటి బస్సుకు.